మెట్ల మీది కంచం

నాచారం,
6 జూలై 2025, ఆదివారం

ఉప్పల్ కాపురస్తురాలు, స్పీకర్ ఫోను పీడితురాలు అయిన మా సంతోషక్కకు తమ్ముడు దయాకర్ వంగి వంగి విన్నవించునది:

నాచారంలో బస్సెక్కితే సీటు వెచ్చబడేలోపే ఉప్పల్ వస్తుంది. అంత దగ్గరకు ఉత్తరం రాసే మనిషి ఈ హైదరాబాద్ మొత్తంలో నేనొక్కడినే అయి ఉంటాను. దీనికి పూర్తి బాధ్యత మీ అత్తగారు సుశీలమ్మ గారిది. ఆమెకు సరిగ్గా వినపడదు కాబట్టి మీ ఇంట్లో ప్రతి ఫోనూ స్పీకర్‌లోనే మోగాలి. పోయినసారి "బావ ఉన్నాడా?" అని అడిగితే బావ, అత్తగారు, పక్కింటావిడ ముగ్గురూ ఒకేసారి జవాబు చెప్పారు. కొన్ని సంగతులు కాగితం మీదనే మర్యాదగా ఉంటాయి.

ఇక విషయం. శ్రావణంలో హిమజకు చెవులు కుట్టిస్తున్నారనీ, మేనమామగా నేను పీట మీద కూర్చుని పాపను ఒళ్ళో పెట్టుకోవాలనీ నీ ఆజ్ఞ అందింది. క్షుణ్ణంగా పరిశీలించగా ఈ పదవికి నేను అర్హుణ్ణి కానని తేలింది. నా మోకాళ్ళలో ఎముకలే తప్ప కండ లేదు, పాపకు గుచ్చుకుంటాయి. పైగా పాప ఏడిస్తే నేనూ ఏడుస్తాను, వీడియోలో బాగుండదు. బావ తరఫున ఎవరినైనా కూర్చోబెట్టుకోండి. అక్షింతలు నేను గేటు దగ్గర నుంచి గురి చూసి వేస్తాను.

అమ్మ బాగానే ఉంది. బాలరాజు మామ పోయి రెండు నెలలు కావస్తున్నా ఆయన కంచం, గ్లాసు రోజూ కడిగి మెట్ల పక్క గూట్లో పెడుతూనే ఉంది. ఎందుకమ్మా అంటే "దుమ్ము పడ్తది గదరా" అంటుంది. గాలికి గ్లాసు కంచానికి తగిలి టంగుమంటే ఇద్దరం ఒక్కసారే మెట్ల వైపు చూస్తాం. తర్వాత చూడనట్టు నటిస్తాం. నటనలో అమ్మే మేలు.

చివరగా ఒక చిన్న విచారణ. మీ ఇంట్లో దోమల పరిస్థితి ఏమిటి? పోయిన నెల నేను వచ్చినప్పుడు నన్ను కుట్టిన దోమలు పాపను కూడా కుట్టాయా? దోమతెర కట్టు. నేను మజ్జిగ తాగిన పూల గీతల స్టీలు గ్లాసు ఉంది చూడు, దాన్ని వేరే పెట్టు. పారేసినా సరే. కారణం అడగకు. శాస్త్రీయమైనది.

బీఎస్సీ ఫస్ట్ క్లాసు,
దయాకర్

•

ఉప్పల్,
11 జూలై

తమ్మీ,

నువ్వు రేడియోల వార్తలు చదివినట్టు రాస్తవు. నాకు గట్ల రాదు, మాట్లాడినట్టే రాస్త.

గ్లాసు ఎందుకు పారెయ్యాల్నో నాకు సమజైంది. మా ఇంటి గ్లాసు నీకు పట్టలే. వేరే కులపోళ్ళ ఇంట్ల మజ్జిగ తాగి, నాచారం పోయినంక కడుపుల తిప్పిందా? నేను మురళీధర్‌ను జేసుకున్ననాడు అందరు మొహం తిప్పుకుంటే నువ్వొక్కనివే సాక్షి సంతకం పెట్టినవ్. గందుకే నీ మీద నాకు ఫికర్ లేకుండె. ఇప్పుడు నువ్వు గూడ మామ లెక్కనే తయారైనవ్.

పాపను తొట్టెలల ఏసి పేరు పెట్టిన నాడు ఏమైందో యాదికున్నదా? పాపను మామ చేతులకు ఇయ్యబోయిన. అమ్మకు ఒక్కడే తమ్ముడు, మన పైగదిల ఉండి మనల్ని పెంచినోడు, నన్ను సైకిల్ మీద బడికి తీస్కపోయినోడు. ఏం జేసిండు? రెండు చేతులు ఎనుకకు కట్టుకున్నడు. "వద్దు బిడ్డా, నా చేతులు బాగలేవు" అన్నడు. అంత మంది ముంగట! మా అత్త ఊకుంటదా? "మన పిల్లని ముట్టుకుంటే మైలపడతారు కాబోలు" అన్నది. మా అత్త నోరు నీకు తెలుసు గద, గా మాట గల్లీ చివరిదాంక వినవడ్డది.

పన్నెండేండ్ల సంది ఆయన గట్లనే ఉండె. ఎవల్ని ముట్టడు. మెట్ల మీద కూసోని తన కంచంల తిని, తనే కడుక్కునుడు. నెలకోపారి గుట్టకు పోవుడు, ప్రసాదం తెచ్చుడు. మనం "స్వామీజీ" అని నవ్వుకునేది. దేవునికి దగ్గరైనోడు పసిపిల్లకు దూరమైతడా? గా కోపం తోనే మామ మంచాన పడ్డా నేను రాలే. సచ్చిననాడు వచ్చి గేటు కాడనే నిలబడ్డ.

ఇంకోటి. మా పక్కింటామె నిన్ను హబ్సిగూడల చూసిందట, గడ్డం పెంచినవట. ఎవరా పిల్ల?

కూసుంటవా, కూసోవా? సీదా చెప్పు.

సంతోషి

•

నాచారం,
16 జూలై

కోపోద్రిక్త అక్కకు,

ముందుగా గడ్డం కేసు. పిల్ల లేదు. ఉంటే నీకు చెప్పకముందే మీ పక్కింటావిడకు తెలిసేది. అద్దం ముందు నిలబడి రేజరు పట్టుకుంటే నా మణికట్టు మీద ఒక చెయ్యి పడుతున్నట్టు ఉంటోంది. పట్టపగలు, బాత్రూములో, బకెట్ నిండుతున్న చప్పుడు మధ్య. బలం లేని చెయ్యి, కానీ వదలదు. అందుకని గీసుకోవడం మానేశాను. దీన్ని ప్రేమ వైఫల్యం అనదలచుకుంటే నీ ఇష్టం.

రెండోది, కులం. నీ మీద ఒట్టు, అది కాదు. మీ గ్లాసుకు ఏ దోషమూ లేదు. దోషం దాన్ని తాకిన మూతిది. ఇంతకంటే చెప్పలేను. మామ సంగతి కూడా నువ్వు అనుకుంటున్నట్టు కాదు. ఇంతకంటే అస్సలు చెప్పలేను.

ఇక్కడ అందరూ క్షేమం. నిన్న అమ్మ అలవాటులో మామకు కూడా అన్నం వడ్డించి, మెట్ల దగ్గరికి రెండడుగులు వేసి ఆగిపోయింది. నేను వెంటనే ఒక జోకు వేశాను. నవ్వింది. ఆ నవ్వు ఏడుపులా ఉంది, నా జోకులకు కొన్నాళ్ళు సెలవు ఇద్దామనుకున్నాను.

దోమతెర కట్టావా?

దయాకర్

•

ఉప్పల్,
19 జూలై

దయాకర్‌కు,

"చెప్పలేను, అస్సలు చెప్పలేను." నువ్వేమన్న సినిమా విలన్‌వా?

ఆగస్టు పది, ఆదివారం. మురళీధర్ పెద్దమ్మ కొడుకు పీట మీద కూసుంటనన్నడు. మేనమామ బతికుండంగ వేరేటోని ఒళ్ళె నా బిడ్డ కూసుంటే నన్ను ఎవరేమంటరో నాకు ఎరుకనే. మామ ఒకపారి చేతులు ఎనుకకు కట్టుకున్నడు, ఇప్పుడు నువ్వు. నువ్వు కూసోకపోతే ఆ రోజే గాదు, ఇగ ఎప్పుడు రాకు. నాకు పుట్టింటోళ్ళు లేరనుకుంట.

దోమతెర కట్టిన. గది మాత్రం నిజమే, మస్తు దోమలున్నయ్.

సంతోషి

•

నాచారం,
23 జూలై

అక్కా,

ఈ ఉత్తరం చదివేటప్పుడు పాపను పడుకోబెట్టు. తలుపు వేసుకో.

మామతో పాటు ఇక్కడ ఫ్యాక్టరీలో పనిచేసిన బుచ్చిరాములు మామ నీకు తెలుసు. జూన్ చివర్లో ఇద్దరం ఫ్యాక్టరీ గేటు ముందర చాయ్ తాగుతున్నాం. నేను నా ధోరణిలో గొప్పలు చెబుతున్నాను: "పక్షవాతం వచ్చినంక మామకు గడ్డం నేనే గీసిన. ఒక్క రేజర్‌తోని ఇద్దరం పెండ్లికొడుకులమైనం" అని. ఆయన చాయ్ గ్లాసు నోటి దాకా పోయి ఆగింది.

"ఒక్క రేజరా?"

"అవ్ మామా. బ్లేడు పొదుపు."

"గాటు గిట్ల పడ్డదా?"

"ఇద్దరికీ పడ్డది. ఎందుకు?"

ఆయన గ్లాసు కింద పెట్టి అన్నాడు: "దయా, మీ మామకు హెచ్ఐవి ఉండె. పన్నెండేండ్ల సంది. ఎవలకు చెప్పద్దని నా నోటికి తాళమేసిండు. ఆయన పోయిండు, నువ్వున్నవు. జర పోయి టెస్టు చేపిచ్చుకో బిడ్డా."

ఎలా వచ్చిందని నేను అడగలేదు. నువ్వూ అడగకు. గుట్టకు అని పోయింది గుట్టకు కాదు, మందు గోళీల కోసం సర్కారు దవాఖానాకు. మనం కళ్ళకద్దుకుని తిన్న ప్రసాదం ఉప్పల్ స్వీట్ షాపు లడ్డూ. మంచాన పడ్డాక బుచ్చిరాములు మామ రోజూ సాయంత్రం వచ్చి "బీపీ గోళీ" అని నోట్లో వేసిపోయేవాడు, అదీ అదే.

ఇప్పుడు రేజరు సంగతి. మామకు కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఎడమ చెయ్యి కొంచెం ఆడేది. మొదటి రోజు నేను సబ్బు నురగ పూస్తుంటే ఆ చేత్తో నా మణికట్టు పట్టుకుని తోశాడు. సిగ్గుపడుతున్నాడు అనుకున్నాను. "మామా, సెలూన్ పెడితే మొదటి గిరాకీ నువ్వే" అన్నాను. మళ్ళీ తోశాడు. ఆ తోపులాటలో ఆయన గడ్డం మీద చిన్న గాటు పడింది, రక్తం వచ్చింది. ఆయనకు ధైర్యం చెప్పాలని, నేనెంత గొప్ప మంగలినో చూపించాలని, ఆ రేజరుతోనే ఆయన కళ్ళ ముందే నా గడ్డం గీసుకున్నాను. నాకూ తెగింది. అప్పుడు ఆయన గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది అక్కా. బోరింగు నీళ్ళు రాక ముందు గాలి తన్నినట్టు. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. నేను టవల్‌తో తుడిచి, "గింత దానికే ఏడుస్తవా స్వామీజీ" అన్నాను.

ఆయన పోయే వరకూ ప్రతి పొద్దున ఆ చెయ్యి నన్ను తోసింది. ప్రతి పొద్దున నేను జోకు వేశాను.

డిగ్రీలో హెచ్ఐవి మీద ప్రశ్న వస్తే బొమ్మతో సహా రాసి ఫుల్ మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఇప్పుడు ఆ పుస్తకంలో ఒక్క వాక్యం కూడా గుర్తు రావడం లేదు. నేను తాగిన గ్లాసు, నన్ను కుట్టిన దోమ, నేను ముద్దుపెట్టుకున్న పాప నుదురు, ఇవే గుర్తొస్తున్నాయి. దవాఖానా గేటు దాకా పోయి తిరిగొచ్చాను. ఒకసారి కాదు.

పాపను ఒళ్ళో పెట్టుకోనన్నది అందుకు. మామ చేతులు వెనక్కి కట్టుకున్నదీ అందుకే అయి ఉంటుంది.

అమ్మకు తెలియదు.

దయాకర్

•

ఉప్పల్,
27 జూలై

తమ్మీ,

అబద్ధం రాయను. నీ ఉత్తరం చదివి ముందుగాల నేను జేసిన పని ఏందో ఎరుకనా? లేచిపోయి ఆ పూల గీతల గ్లాసు గోడ అవతల పడేసిన. పాప మొహం సబ్బు పెట్టి కడిగిన. నువ్వు ముద్దు పెట్టి నెల దాటింది, ఇప్పుడు కడిగిన! అది ఏడుస్తుంటే నాకు తెలివొచ్చింది. మళ్ళ పోయి గోడ అవతలికెల్లి గ్లాసు తెచ్చుకున్న. సొట్ట పడ్డది.

మామ మన కాడ పన్నెండేండ్లు భయపడుకుంట తిరిగిండు. నేను గా భయాన్ని కులపిచ్చి అనుకున్న. తొట్టెల నాడు ఆయన మొహం నేను సూడనే లేదు తమ్మీ, చేతులే సూసిన. ఇప్పుడు మొహం యాది చేసుకుందామంటే వస్తలేదు.

నువ్వు గ్లాసు అంటవ్, దోమ అంటవ్. నిజంగ అంటుకుంటదా? నాకు తెల్వదు. నీకూ తెల్వదు. మామకు గూడ తెల్వదేమో. ముగ్గురం తెల్వకనే ఒకల్నొకలం దూరం పెట్టుకున్నం. పోయి అడుగు. సిగ్గయితే బుచ్చిరాములు మామను తోలుకపో. టెస్టుల ఏమొచ్చినా నాకు చెప్పు. ఫోన్ల కాదు. మా అత్త వింటది, ఉప్పల్ మొత్తం వింటది.

మురళీధర్ పెద్దమ్మ కొడుకుకు వద్దని చెప్పిన. పీట ఖాళీగనే ఉంటది.

అక్క

•

నాచారం,
3 ఆగస్టు

అక్కా,

పోయి వచ్చాను. బతికే ఉన్నాను. ఇది శుభవార్తగా పరిగణించగలవు.

బుచ్చిరాములు మామ వెంట వచ్చాడు. గేటు దగ్గర నా కాళ్ళు వెనక్కి తిరుగుతుంటే చొక్కా పట్టుకుని, "మీ మామ గూడ మొదటిపారి గిట్లనే తిరిగిండు. ఆయన్ని గూడ గిట్లనే గుంజుకొచ్చిన" అన్నాడు. లోపల ఒక బెంచీ చూపించి "గీడ కూసునేటోడు" అన్నాడు. నేను ఆ బెంచీ మీద కూర్చోలేదు. పక్కన నిలబడ్డాను. ఎందుకో అది ఖాళీగా లేదనిపించింది.

కౌన్సిలర్ పద్మశ్రీ మేడమ్. తలుపు వేసి, సంగతి బయటికి పోదని చెప్పి, రక్తం తీయించి, ఇక అడుగు అంది. అడిగాను.

"దోమ, మేడమ్?"

"కాదు."

"నన్ను కుట్టి వెంటనే ఇంకొకర్ని కుడితే?"

"వెంటనే కుట్టినా కాదు. దోమ ఒంట్లో అది బతకదు. దోమలు డెంగీ తెస్తాయి, అది చాలదా?"

"నేను తాగిన గ్లాసు?"

"కాదు. కంచం కాదు, బాత్రూమ్ కాదు, చెమట కాదు, దగ్గు కాదు."

"కన్నీళ్ళు?"

"ఎంత ఏడ్చినా రాదు. రక్షణ లేని సంభోగంతో వస్తుంది. రక్తంతో, ఒకరు వాడిన సూదితో వస్తుంది. మందు వాడకపోతే తల్లి నుంచి బిడ్డకు వస్తుంది."

రేజరు సంగతి చెప్పాను. మామ పేరు చెప్పలేదు, ఆమె అడగలేదు. ఎవరి రేజరూ ఎవరూ వాడకూడదని గట్టిగానే తిట్టింది. మందు క్రమంగా వేసుకునే వాళ్ళ రక్తంలో వైరస్ పరీక్షకు కూడా దొరకనంత తగ్గిపోతుందట, అందుకని భయం చాలా తక్కువే అంది. అప్పుడు అసలు ప్రశ్న అడిగాను.

"ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే?"

ఆమె రాసుకుంటున్న పెన్ను ఆపింది. "ఎవరిని?"

"పదకొండు నెలల పాపను. చెవులు కుట్టించాలి."

"నీకు పరీక్షలో ఏం వచ్చినా సరే, కూర్చోబెట్టుకో. ముద్దు పెట్టుకో. ఒడి గురించి కాదు బాబూ అడగాల్సింది. కుట్టేవాడి సూది కొత్తదా అని అడుగు."

ఫలితం అదే రోజు చెప్పారు, నెగెటివ్. అయితే గాటు పడి ఇంకా మూడు నెలలు నిండలేదు కాబట్టి ఖాయం చేసుకోవడానికి పదిహేను రోజుల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. అంటే ఆదివారం నాడు నాకు పూర్తిగా తెలియదు. తెలియకుండానే పీట మీద కూర్చుంటాను. నువ్వు సరే అంటేనే. వద్దంటే నాకు కోపం రాదు, ఒట్టు.

బయటికి వచ్చాక బుచ్చిరాములు మామను అడిగాను: "గ్లాసుతోని రాదని మామకు చెప్పలేదా వాళ్ళు?" "ఎన్నోసార్లు చెప్పిన్రు. ఆయనకు ఎరుకనే. 'నూటికి నూరుపాళ్ళు నిజమే కావచ్చు రాములూ, కానీ అవి నా అక్క పిల్లలు' అనేటోడు."

దయాకర్

•

ఉప్పల్,
13 ఆగస్టు

తమ్మీ,

పాప చెవులు బాగున్నయ్, వాపు లేదు. మా అత్త మాత్రం ఇంకా వాచిపోయే ఉన్నది. నువ్వు అందరి ముంగట కంసాలి సూది ప్యాకెట్ గుంజుకుని, సీల్ ఉన్నదా లేదా అని కండ్ల కాడ పెట్టుకుని చూస్తివి. ఆమె "మా రోజుల్లో ఒకే సూదితో వీధి వీధంతా కుట్టించుకున్నాం బాబూ" అంటే, "అందుకేనేమో అమ్మగారూ, ఇప్పుడు వినపడటం లేదు" అంటివి. గా ఒక్క మాట మాత్రం ఆమెకు మంచిగ వినవడ్డది.

నీకు ఒకటి చెప్పాలె. పాపను అందిచ్చినప్పుడు నీ చేతులు ముందుకు రాలే. ఒక్క గడియ ఎనుకకు పోయినయ్. నీకు తెలిసిందో లేదో, నేను సూసిన. మామనే పీట మీద కూసున్నడు అనిపిచ్చింది. అప్పుడు మామ మొహం కనవడ్డది తమ్మీ, తొట్టెల నాటి మొహం. చేతులు ఎనుకకు ఉన్నయి గని, మెడ మొత్తం పాప దిక్కే వంగింది. వాసన సూసినట్టు. నేను గది సూడనే లేదు ఆనాడు.

తర్వాత నీ చేతులు ముందుకొచ్చినయ్.

పాప ఇప్పుడు అన్నం ముద్దలు తింటున్నది. దానికి కంచం లేదు. మామ కంచం నాకు కావాలె. అమ్మను అడుగు. ఎందుకని అడిగితే అన్ని చెప్పు. ఇగ దాచకు.

రెండో టెస్టు కాంగనే ఏమొచ్చిందో రాయి.

అక్క

•

నాచారం,
20 ఆగస్టు

అక్కా,

మళ్ళీ నెగెటివ్. ఇక రానక్కరలేదని పద్మశ్రీ మేడమ్ చెప్పింది. రేజరు కొత్తది కొన్నాను, గడ్డం తీసేశాను. మామ చెయ్యి వచ్చింది. ఇప్పటికీ వస్తోంది. కాకపోతే ఇప్పుడు నేను ఆగుతాను. అది ఏం చెప్పాలో చెప్పి వెళ్ళిపోతుంది, అప్పుడు గీసుకుంటాను.

నిన్న మధ్యాహ్నం అమ్మకు చెప్పాను. వంటింట్లో నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చివర మొదలుపెట్టాను. నాకేం లేదు అని. తర్వాత మామ సంగతి. అమ్మ గిల్లడం ఆపలేదు. అంతా విన్నాక అడిగింది:

"గ్లాసుతోని అంటుకోదా?"

"అంటుకోదమ్మా."

"కంచంతోని?"

"అంటుకోదు."

"పక్కన కూసుంటే?"

"పక్కన కూసున్నా, పట్టుకున్నా, ఒక్క చెంబుల నీళ్ళు తాగినా అంటుకోదు."

అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది.

"మరి వాడు పన్నెండేండ్లు మెట్ల మీద కూసోని ఎందుకు తిన్నడురా?"

జోకు కోసం వెతికాను అక్కా. అలవాటు కదా. ఒక్కటీ దొరకలేదు.

కంచం నీకు ఆదివారం తెస్తాను. నిన్ననే తేవడానికి కుదరలేదు. అమ్మ లేచి గూట్లోంచి దాన్ని తీసి, అన్నం, చిక్కుడుకాయ కూర పెట్టుకుని వెళ్ళి మామ కూర్చునే మెట్టు మీదనే కూర్చుంది. తిన్నదా, ఊరికే పట్టుకున్నదా నేను చూడలేదు. మామ గ్లాసులో నీళ్ళు పోసుకుని నేనూ వెళ్ళాను. కింది మెట్టు మీద కూర్చుందామనుకుంటే అమ్మ కొంచెం గోడ వైపు జరిగింది.

ఆ మెట్టు మీద ఇద్దరికి సరిపోతుంది అక్కా. ఎప్పుడూ సరిపోయేదే.

నీ తమ్ముడు,
దయాకర్